విద్యార్థి చేవ్రాలు

పదునెనిమిదియేండ్లు నిండిన దినమున విద్యార్థి దేహమునందు గాని బుద్ధియందు గాని యే మార్పును గానరాదు. ముందటి రాత్రి యెట్లు పరుండెనో మఱునాటి యుదయమున నట్లే లేచును. తల్లి పాయసము వండును. స్నేహితులు వేడుక చేయుదురు. కాని యా దినముతో వాని చేతివ్రాతకు మున్ను లేని బలమొకటి వచ్చుచున్నది. 1875వ సంవత్సరపు శాసనము వానిని మేజరుగా నెన్నుచున్నది. అంతకు ముందు వాడు వ్రాసియిచ్చిన పత్రము నీటిమీది వ్రాత. కలకత్తాలో 1895వ సంవత్సరమున మైనరుగా నున్న యొక యువకుడు తన యాస్తిని తాకట్టుపెట్టి యప్పుపత్రము వ్రాసియిచ్చెను. ఆ వ్యాజ్యము ప్రీవీ కౌన్సిలు వఱకు పోయి, మైనరు చేసికొన్న యొడంబడిక మొదటినుండియు శూన్యమని 1903వ సంవత్సరమున తీర్పు వచ్చెను. నేటికిని మన న్యాయస్థానములలో నదియే ప్రమాణము. పదునెనిమిది నిండిన పిమ్మట నట్టి రక్షణము లేదు.

మన బిడ్డలు కళాశాలలో చేరుట సరిగా నీ సంధికాలముననే. చేరినది మొదలు వారు సంతకములు చేయుచునే యుందురు. ప్రవేశపత్రము, హాస్టలు నిబంధనలు, బ్యాంకు ఖాతా, విద్యాఋణము, ప్రయోగశాల పుస్తకము, హాజరుపట్టీ. వీనిలో నొక్కదానినైన చదివి సంతకము చేసినవారిని మేము కొలదిమందినే చూచితిమి. విద్యార్థులకు హితము చెప్పువారు వేకువను లేవుమనియు, వ్యాయామము చేయుమనియు, చెడు సహవాసము మానుమనియు చెప్పుట కద్దు. అవి యన్నియు మంచిమాటలే. వానిని మఱియొకరు చెప్పుదురు గాక. మేము న్యాయవాదివృత్తిలో నున్నవారము. ఇరువదియేండ్లుగా పరుల సంతకముల ఫలితములను చూచుటయే మాకు పని. కావున నొక్క ప్రశ్ననే యిచట విచారింపదలచితిమి. మనుష్యుడు కాగితముమీద తన పేరు వ్రాయునపుడు చేయుచున్న పని యేమి?

పూర్వపు దస్తావేజులు తీసి చూచినయెడల నొక విశేషము కానవచ్చును. చదువురాని రైతు పొలము క్రయమిచ్చునపుడు లేఖకుడు పత్రము నంతను బిగ్గరగా చదివి వినిపించెడివాడు. నాలుగు సరిహద్దులు, నూతిలో భాగము, గట్టుమీది చెట్లు, బాటహక్కు అన్నియు వరుసగా వచ్చెడివి. రైతు నడుమ నాపి, తూర్పుగట్టు మాట వ్రాసితివా యని యడిగెడివాడు. అంతయు విని, సరియే యని తలయూచిన పిమ్మటనే యెడమచేతి బొటనవ్రేలు సిరాలో నద్ది నిశాని వేసెడివాడు. చదివి వినిపింపగా నొప్పుకొని నిశాని వేసెనను మాటయు పత్రము చివర చేర్చుచుండిరి. అక్షరమెఱుగని యా మనుష్యుడు పత్రమును సంపూర్ణముగా వినెను. వాని మనుమడు పట్టభద్రుడయ్యెను. చేతిలోని సెల్‌ఫోనుపై 'అంగీకరించుచున్నాను' అను మాట కనబడుటతోడనే, పైనున్న నలువది పుటలలో నొక్క పంక్తినైన చూడక బొటనవ్రేలితో నొత్తుచున్నాడు. బొటనవ్రేలు మరల వచ్చినది. చదివి వినిపించువాడు మాత్రము రాలేదు.

ఆ యొత్తుటయు చేవ్రాలే. సమాచార సాంకేతిక శాసనము 2000వ సంవత్సరమున వచ్చెను. విద్యుత్సాధనముల మూలమున జరిగిన యొడంబడిక, ఆ కారణముచేతనే చెల్లకపోదని 2008వ సంవత్సరపు సవరణచే దానిలో స్పష్టపఱుపబడెను. ఇచట నింకొక సంగతియు విద్యార్థి యెఱుగవలెను. చదువురానివాడు పత్రములోని సంగతి తనకు తెలియలేదని మొఱపెట్టుకొన్నపుడు న్యాయస్థానము వానియెడల కనికరము చూపి, తెలియజెప్పితినని ఋజువు చేయుభారము నెదుటివానిపై పెట్టుట గలదు. చదువుకొన్నవాని కట్టి కనికరము దొరకుట దుర్లభము. సంతకము చేసినవాడు చదివియే చేసెనని న్యాయము తలంచును. చదువు మనకిచ్చిన గౌరవములలో నిదియు నొకటి. దాని వెల మాత్రము చాలమందికి తెలియదు.

కొన్ని నెలల క్రిందట నొక యువకుడు మా కచేరీకి వచ్చెను. ఇంజనీరింగులో మంచి మార్కులతో నుత్తీర్ణుడైనవాడు. ఉద్యోగములో చేరునపుడొక బాండు వ్రాసియిచ్చెను. రెండేండ్లు నిండకముందే మానినచో రెండులక్షల రూపాయలు చెల్లింపవలెనని యందున్నది. తల్లికి జబ్బుచేసి యూరికి పోవలసివచ్చెను. సంస్థవారు నోటీసు పంపిరి. దీని నెప్పుడు చదివితివని మేమడిగితిమి. "ఇప్పుడేనండి, మీ బల్లమీద" అని తలవంచుకొనెను. ఇట్టి బాండులలో నెంత మొత్తము వ్రాసినను, న్యాయస్థానము దానికి మించకుండ సమంజసమైన నష్టపరిహారమునే యిప్పించునని 1872వ సంవత్సరపు కాంట్రాక్టు శాసనము 74వ సెక్షను చెప్పుచున్నది. కావున వానికి కొంత యూరట గలదు. బాండులన్నియు చెల్లవని హాస్టలు గదులలో చెప్పుకొను మాట మాత్రము నమ్మదగినది కాదు. వాడు వెడలిన పిమ్మట మేమాలోచించితిమి. పరీక్షకొఱకు వేయిపుటల గ్రంథమును రెండుమాఱులు చదివినవాడు, తన రెండేండ్ల జీవితమును కట్టివేయు మూడుపుటల కాగితమును చదువలేదు. చదువనక్కఱలేదని వానికి నేర్పినవారెవరు? మేమును, మీరును, వాని కళాశాలయు నని చెప్పక తప్పదు.

చదువక చేసిన సంతకము అజాగ్రత్తయే కాని యసత్యము కాదని యందురు. మాకట్లు తోపదు. చేవ్రాలులో రెండు మాటలున్నవి. దీనిలోని విషయము నాకు తెలిసినదనునది మొదటిది. దీనికి నేనొప్పుకొంటిననునది రెండవది. చదువనివాడు మొదటి మాట బొంకుచున్నాడు. ఎవరిని మోసగింపవలెనని యతడు తలపలేదు, నిజమే. కాని తెలియనిదానిని తెలిసినదని వ్రాయుట కలవాటుపడిన చేయి, కానిదానిని ఐనదని వ్రాయుటకు జంకదు. ఈ మాట మేము పుస్తకములనుండి నేర్చినది కాదు.

1997వ సంవత్సరమున మేము సముద్రతీరపు జిల్లాలోని యొక కళాశాలలో పట్టపరీక్షకు చదువుచు హాస్టలులో నుంటిమి. తరగతిలో హాజరుకాగితము బల్లనుండి బల్లకు సాగెడిది. ఎవరి పేరెదుట వారు చేవ్రాలు చేయవలెను. రానివారి సంతకము వచ్చినవారు చేయుట మాలో స్నేహధర్మముగా నెంచబడుచుండెను. మా గదిలోని మిత్రుడొకడు చెప్పాపెట్టక మూడుదినములు పట్టణమునకు వేడుకకై వెడలెను. వాని సంతకములోని చివరి యక్షరపు వంపును మేమెంతో నేర్పుగా ననుకరింపగలవారము. ఆ నేర్పునకు గర్వించుచుంటిమి గూడను. రెండవదినమున నుదయము పదిగంటలకు వాని తండ్రి వచ్చెను. వాని తల్లి స్పృహతప్పి పడిపోగా నామెను ఆసుపత్రిలో చేర్చిరట. ఆ కాలమున మావంటివారి యొద్ద చేతఫోనులు లేవు. కళాశాల కచేరీలోని గుమాస్తా హాజరుకాగితము చూచి, మీ యబ్బాయి తరగతిలోనే యున్నాడు, కూర్చుండుమని చెప్పెను. ఆ ముసలివాడు వేపచెట్టు క్రింద కూర్చుండెను. మధ్యాహ్నము దాటెను, మూడుగంటలైనను కుమారుడు రాలేదు. అప్పుడు గుమాస్తా, వాని గదిలో నుండువారమని మమ్ము పిలిపించెను.

ఆ తండ్రికి చదువు రాదు. గుమాస్తా యిచ్చిన కాగితమును రెండుచేతులతో పట్టుకొని మా యెదుట నిలిచి, "బాబూ, మావాడి పేరు దగ్గర ఏం రాసుందో కాస్త చదివి పెట్టు" అనెను. మా చేతివ్రాతను మేమే చదువవలసి వచ్చెను. వచ్చినట్లున్నదండి యని చదివితిమి. అట్లనుట యక్షరాల నిజము. "అయితే లోపలే ఉన్నాడన్నమాట" అని యాతడు మరల చెట్టుక్రిందికి పోయెను. మేము గదికి పోయితిమి. సత్యము చెప్పుటకు మాకు చీకటిపడువఱకు ధైర్యము చాలలేదు. చెప్పినపు డాతడు కోపపడలేదు. "చదువుకున్నవాళ్ళు రాశారు కదా, నిజమే అనుకున్నాను బాబూ" అని కండువా దులుపుకొని లేచి, ఒంటరిగా ఆసుపత్రికి నడచిపోయెను. ఆ తల్లి బ్రదికినది. అందు మా పుణ్య మేమియు లేదు.

నూటికి డెబ్బదియైదు వంతుల హాజరు కావలెనను నియమము మంచిదా కాదా యని విద్యార్థులు వాదింతురు. ఆ వాదములో కొంత న్యాయము గలదు. వినదగని పాఠమునకు బలవంతముగా కూర్చుండబెట్టుట విద్య కాదని మేమును ఒప్పుకొందుము. నియమము చెడ్డదైన దానిని మార్పుమని యడుగవచ్చును, అర్జీ వ్రాయవచ్చును, హాజరు చాలక పరీక్ష పోగొట్టుకొనవచ్చును గూడను. లేనివానిని ఉన్నాడని వ్రాయుట యా నియమమునకు సమాధానము కాదు. ఆ కాగితమును కళాశాల యొక్కటియే చదువుననుకొంటిమి. ఎవరెవరు దానిని నమ్మి చెట్లక్రింద కూర్చుందురో సంతకము చేయువానికి తెలియదు.

ఇక స్నేహితుని కొఱకు పూచీ పడుట. ఈ విషయమున విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుదురు. ప్రాణస్నేహితు డప్పు తీయుచున్నాడు, ఒక్క సంతకము చేయుమనుచున్నాడు, కాదనుట యెట్లు? న్యాయము చెప్పున దింత: పూచీదారుని బాధ్యత ఋణస్థుని బాధ్యతతో సమానమని కాంట్రాక్టు శాసనపు 128వ సెక్షను. అనగా వేఱు షరతు వ్రాసికొననిచో, అప్పిచ్చినవాడు మొదట ఋణస్థునిపై పోయి, అచ్చట దొరకనపుడు మాత్రమే నీయొద్దకు రావలెనని లేదు. నేరుగా నీ తలుపే తట్టవచ్చును. సాక్షిసంతకమే యని చెప్పి పూచీసంతకము చేయించుకొనువారును గలరు. ఇంకను ఘోరమైనది ఖాళీనోటు. స్టాంపు అంటించి, మొత్తము వ్రాయక, చేవ్రాలు మాత్రము చేసి యిచ్చిన ప్రామిసరీ నోటును పూరించుకొను నధికారము పుచ్చుకొన్నవానికి నీవే యిచ్చినట్లని 1881వ సంవత్సరపు నెగోషియబులు ఇన్‌స్ట్రుమెంట్ల శాసనము 20వ సెక్షను చెప్పును. అయిదువేల కిచ్చిన నోటు అయిదులక్షలై కోర్టుకు వచ్చుటను మేము చూచితిమి. ఖాళీచెక్కు సంగతియు నట్టిదే. అది బ్యాంకులో చెల్లక తిరిగివచ్చి, నోటీసు పిమ్మటను సొమ్ము కట్టనిచో, రెండేండ్ల వఱకు కారాగారమును, చెక్కు మొత్తమునకు రెండింతల వఱకు జరిమానాయు గలవు.

ఇంతవఱకు న్యాయము. నీతి మాటయేమి? భయముచేత స్నేహితుని విడుచుట మంచిదని మేమనము. మనవారు కర్ణుని మెచ్చుకొందురు. ఓడిపోవుపక్షమని తెలిసియు దుర్యోధనుని విడువలేదని యాతని తలచుకొన్నపుడు కంట నీరు పెట్టువారును గలరు. హాస్టలు మిత్రులు పూచీ యడుగునపుడు కర్ణుని పేరు తెచ్చుటయు మాకు తెలియును. అయినచో కర్ణుని కథనే చూతము. యుద్ధమునకు ముందు శ్రీకృష్ణు డాతని నేకాంతమున కూర్చుండబెట్టి, నీవు కుంతీపుత్రుడవు, పాండవులలో జ్యేష్ఠుడవు, రాజ్యము నీది యని యంతయు విప్పి చెప్పెను. ఒక్క సంగతియు దాచలేదు. అంతయు విని, ఫలితము నెఱిగియే కర్ణుడు నిరాకరించెను. ఆతని పక్షము ధర్మమా యధర్మమా యనునది వేఱు చర్చ. పత్రమును సాంతము చదివి, తనదైనదానినే పణముగా నొడ్డెననుటలో మాత్రము సందేహము లేదు. పూచీ వ్రాయు విద్యార్థి యొడ్డుచున్నదేమి? వాని సంపాదన లేదు. అప్పు వానిమీద పడినచో తీర్చువాడు తండ్రి. అమ్ముడుపోవునది తల్లి మెడలోని గొలుసు. తనది కానిదానిని దానము చేయుట కర్ణుని మార్గము కాదు.

కావున మేము చెప్పు నుపాయ మిది. మిత్రుడు పదివేలకు పూచీ యడిగినపుడు, నీ నెలఖర్చులోనుండి వేయిరూపాయలు తీసి, తిరిగి రాకపోయినను నీ వేడువని సొమ్ముగా నెంచి, వాని చేతిలో పెట్టుము. సంతకము మాత్రము చేయకుము; చేయననియు, ఏల చేయవో ననియు ముఖాముఖిగా చెప్పుము. వాని కీ యప్పు ఏల కావలసివచ్చెనో యడుగుము. జూదమునకో, పరీక్ష తప్పి యింట చెప్పలేక దొంగతనముగా ఫీజు కట్టుటకో యైనచో, వానికి కావలసినది పూచీ కాదు. వానితోగూడ వాని యూరికి బస్సెక్కి పోవు మిత్రుడు. కాదన్నందులకు విడిచిపోయినవాడు స్నేహితుడు కాడని చెప్పి యోదార్చుట సులభము. కాని యది యెల్లప్పుడు నిజము కాదు. మంచి స్నేహములు గూడ నిందుచేత చెడుట గలదు. ఆ నష్టమును నష్టముగానే యెంచి యోర్చుకొనవలెను.

ఈ కాలమున వచ్చిన వింతబేర మింకొకటి. బ్యాంకు ఖాతాను, దానితోడి సిమ్ముకార్డును కొన్నిదినములకు పరుల కప్పగించినచో కొన్నివేలు చేతికిత్తుమని కళాశాలలచుట్టు తిరుగువారున్నారు. మోసపోయినవారి ధనము ఆ ఖాతాలలో పడి దాటిపోవును. పోలీసులు వచ్చునది ఖాతా యెవరి పేరనున్నదో వారి యింటికే. ఖాతాయు, ఫోనుకు వచ్చు రహస్యపు అంకెయు నేటి చేవ్రాళ్లు. వానిని అద్దె కిచ్చుట పేరును అద్దె కిచ్చుట. ఇదివఱకే యిచ్చి చిక్కుకొన్నవారు దాచక బ్యాంకునకు తెలిపి ఖాతాను నిలుపుదల చేయించుకొని, సైబరు నేరముల 1930 నంబరునకు ఫోను చేయవలెను.

నిమిషములో నప్పిచ్చు యాపుల సంగతి చాలమందికి తెలిసినదే. 2020వ సంవత్సరాంతమున తెలంగాణమున నిట్టి యప్పులవారి వేధింపు లోర్వక కొందఱు ప్రాణములు తీసికొనిరి. సెల్‌ఫోనులోని బంధుమిత్రుల నంబర్లన్నియు చూచుటకు అనుమతి నిచ్చితినని వారిచేత ముందే యొత్తించుకొనిరి. ఆ యనుమతియే పిమ్మట వారి మెడకు త్రాడయ్యెను. రిజర్వుబ్యాంకు 2022వ సంవత్సరమున నియమములు చేసినది. వడ్డీయు ఖర్చులును కలిపి యేటికెంత పడునో తెలుపు ముఖ్యవిషయపత్రము ముందుగా నీయవలెను. అప్పు పుచ్చుకొన్నను వద్దనుకొని, అసలును నాటివఱకైన ఖర్చును చెల్లించి జరిమానా లేక బయటపడుటకు కొంత గడువును నీయవలెను. ఆ పత్రము చూపనివానియొద్ద నప్పు పుచ్చుకొనరాదు. చూపినను చదువనివానికి నియమ మేమి చేయగలదు?

ఇంటి సంగతికి వత్తము. విద్యాఋణపత్రముమీద విద్యార్థి పేరుక్రింద తండ్రియో తల్లియో సహఋణస్థులుగా సంతకము చేయుదురు. 2001వ సంవత్సరమున బ్యాంకుల సంఘమువా రేర్పఱచిన నమూనా పథకము ప్రకారము చదువు ముగిసి, ఆపై నొక సంవత్సరము గడచువఱకు తీర్పుదల మొదలుకాదు. వడ్డీ మాత్రము సొమ్ము చేతికందిన నాటినుండియే లెక్కకెక్కుచుండును. ఈ రెండవమాట తెలియని కుటుంబములు మాకు నిత్యము తటస్థపడుచున్నవి. విద్యార్థి చదువుకొన్నవాడు, పల్లెలోని తండ్రికి బ్యాంకు పత్రపు భాష రాదు. కావున నాతడు చేవ్రాలు చేయుటకు ముందు, పూర్వపు లేఖకునివలె నా పత్రము నంతను తెలుగున చదివి వినిపించుట కుమారుని మొదటి ఋణము. ఒక్క సాయంకాలము పట్టును. తండ్రి "నాకెందుకురా, నువ్వు చదివావుగా" అనును. అయినను చదివి వినిపింపవలెను.

తండ్రి సంతకము చేసిన పిమ్మట కుమారుని చదువు వారిరువురి సొత్తు. పరీక్ష తప్పినచో నది తండ్రికి తెలియదగిన సంగతియే. తప్పిన పేపర్లను దాచి, అంతయు బాగుగానే యున్నదని ఫోనులో చెప్పుచు నాలుగేండ్లు గడపి, చివర పట్టము రాదని చెప్పలేక యిల్లు విడిచిపోయినవారిని మేమెఱుగుదుము. చెప్పిన తిట్టుదురని భయము. తిట్టుదురు; నిజమే. గాంధీమహాత్ముడు పదునైదేండ్ల ప్రాయమున, అన్న చేసిన యప్పు తీర్చుటకై యాతని కడియమునుండి బంగారపు తునుక తీసి, పిమ్మట నోర్వలేక, తప్పొప్పుకొనుచు చీటి వ్రాసి, జబ్బుతో మంచమున నున్న తండ్రి చేతికిచ్చెను. తండ్రి చదివి కన్నీరు కార్చి చీటిని చింపివేసెను. తండ్రులందఱు నట్లే చేయుదురని మేము హామీ యీయలేము. కొందఱు కొట్టుదురు గూడను. ఆ తండ్రులతో మేమిచట నొక్కమాట చెప్పవలసియున్నది. కుమారుడు సత్యము చెప్పిన దినమున మీరు చూపిన కోపమే, వాడిక ముందు చెప్పవలసినవి చెప్పుటయో దాచుటయో నిర్ణయించును. 2019వ సంవత్సరపు ఏప్రిలున తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిమ్మట పలువురు బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. ఫలితముల లెక్కలో తప్పులు జరిగినట్లు తరువాత తేలెను. తప్పిన మార్కులను మరల లెక్కింపవచ్చును. ఇంట చెప్పలేని దుఃఖము గలవారికి 2022వ సంవత్సరమున ప్రభుత్వము నెలకొల్పిన 14416 నంబరు గలదు. పేరు చెప్పుకొనక మాటలాడవచ్చును. తెలుగున మాటలాడువారు నుందురు.

సర్టిఫికెట్ల విషయము క్లుప్తముగా చెప్పెదము. మూలపత్రములను తమయొద్ద నుంచుకొని, మానదలచినవానిచేత మిగిలిన యేండ్ల ఫీజంతయు కట్టించుకొను కళాశాల లున్నవి. అట్లుంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018వ సంవత్సరమున నుత్తరువు చేసెను. చూచి, సరిచూచుకొని, తిరిగి యీయవలెను. మూలపత్ర మిచ్చునపుడు రసీదు లేక యీయకుము. నీవు సంతకము చేసిన ప్రతి కాగితమునకును నకలొకటి తీసి యొక సంచిలో దాచుకొనుము. ఇది చిన్న సంగతి. మా కచేరీకి వచ్చు వ్యాజ్యములలో సగముదాక నీ సంచి లేకపోవుటవలననే చిక్కుపడుచున్నవి.

ఇంత కఠినముగా నున్నచో జీవనము సాగునా యని యడుగువారుందురు. సెల్‌ఫోనులో దినమునకు పదిమాఱులు 'అంగీకరించుచున్నాను' అని యొత్తవలసియున్నది; అన్నియు చదువుచు కూర్చుండిన పాఠము లెప్పుడు చదువుట? ఈ యాక్షేపణము సరియైనదే. నిజము చెప్పవలెనన్న మేమును అన్నిటిని చదువుట లేదు. చదువుటకు వీలులేనట్లుగా వ్రాయుట యొక విద్యయైపోయినది. ఆ విషయమున తప్పు వ్రాసినవారిదే యని మా యభిప్రాయము. కాని దేనిలో సొమ్మున్నదో, దేనిలో చదువు పత్రములున్నవో, దేనిలో నింకొకరి కష్టార్జితము నీ పేరుతో ముడిపడియున్నదో, దేనిలో జరిగినదని చెప్పుచు నీవు సాక్ష్యమిచ్చుచున్నావో, ఆ కాగితములు దినమునకు పది రావు. సంవత్సరమున కైదో ఆఱో వచ్చును. వానిని చదువుటకు తీరిక లేనివాడు లేడు. తొందరపెట్టి, ఇప్పుడే చేయుము, తరువాత చదువుకొందువు గాని యని యెవరైన ననిన, ఆ మాటయే చదువవలసిన కారణము.

చేవ్రాలు లేక జరుగు బేరము లింకను గలవు. చదువు ముగియువేళకు యువకుని పట్టమునకు పెండ్లిబజారులో వెల కట్టుదురు. 1961వ సంవత్సరమునుండి కట్నము పుచ్చుకొనుటయు నిచ్చుటయు నేరము. అందుచే నే కాగితమును వ్రాయరు. మాకేమియు తెలియదు, పెద్దలు మాటలాడుకొనిరని యువకుడనును. విద్యావంతుడు, మేజరు, తన పేరుమీద జరుగుచున్న క్రయమును ప్రక్కగదిలో కూర్చుండి వినుచున్నాడు. న్యాయస్థానము వాని మౌనమున కేమి యర్థము చెప్పినను, పెండ్లికూతురి తండ్రి మాత్రము దానిని సంతకముగానే చదువుకొనును.

వెనుక చెప్పిన మా హాస్టలు మిత్రుడు నేటికిని మా మిత్రుడే. ఆతని తండ్రి గతించెను. ఆతని కుమార్తె క్రిందటి సంవత్సరము కళాశాలలో చేరినపుడు, ర్యాగింగు చేయనని యీయవలసిన ప్రమాణపత్రమును పట్టుకొని మా కచేరీకి వచ్చినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009వ సంవత్సరపు నియమములతో నట్టి పత్రము ప్రతి విద్యార్థియొద్దను, తల్లిదండ్రులయొద్దను పుచ్చుకొనుట యేర్పడినది. మేము కలము తీసి యామె చేతికిచ్చితిమి. బయట కక్షిదారులు వేచియుండిరి. ఆమె కలము ప్రక్కనుంచి పత్రమును మొదటినుండి చదువసాగెను. కొంతసేపటికి తలయెత్తి, "బాబాయిగారూ, ర్యాగింగు చేయనని రాయడం సరే. ప్రత్యక్షంగా గానీ, ఊరకే ఉండి గానీ తోడ్పడనని కూడా ఉంది. సీనియర్లు ఎవరినైనా ఏడిపిస్తుంటే నేను చూసి గదిలోకి వెళ్ళిపోతే, అదీ ఇందులోకి వస్తుందా?" అని యడిగినది.

మేము తలుపు వేయుమని గుమాస్తాకు చెప్పి, ఆమె యెదుట కూర్చుంటిమి. ఆ ప్రశ్నమీద గంటకు పైగా మాటలాడితిమి; నడుమ నామె తండ్రికి ఫోను చేయగా నాతడును చేరెను. ఆ దినమున నామె సంతకము చేయలేదు. పత్రమును మడచి సంచిలో పెట్టుకొని, రాత్రి యింకొకమాఱు చదివి రేపు వచ్చెదనని చెప్పి వెడలినది.